పెంపుడు పిల్లుల నిద్ర: లోపాలు, కారణాలు, చికిత్స

ఊరిలో పిల్లికి పెరడు, గడ్డివామి, అటక, ఎలుకలు ఉంటాయి. రాత్రంతా అది ఎక్కడ తిరిగినదీ ఎవరికీ తెలియదు. అటువంటి పిల్లి బెంగళూరులో రెండవ అంతస్తులోని రెండు గదుల బాడుగ ఇంటికి చేరినప్పుడు దాని రాత్రి ఇంటివారి రాత్రి కూడా అవుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు వంటగదిలో గిన్నెలు దొర్లుతాయి. పడకగది తలుపు గీకిన చప్పుడు వినిపిస్తుంది. తరువాత దీర్ఘమైన అరుపు మొదలవుతుంది. ఉదయం ఆరు గంటలకే పనికి బయలుదేరవలసినవారికి నిద్ర చెడుతుంది. పక్క వాటావారు ఇంటి యజమానికి ఫిర్యాదు చేస్తారు. రాత్రిపూట పిల్లి ఏడిస్తే ఇంటికి కీడని పెద్దలు భయపడతారు. చివరకు ఒక ఆదివారం నాడు దానిని గోనెసంచిలో వేసి ఊరి చివర విడిచివస్తారు.

ఆ అరుపుకు ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని గుర్తించడం చాలా సందర్భాలలో సాధ్యమే, సరిచేయడమూ సాధ్యమే. పిల్లి నిద్ర చెడినప్పుడు ఇంటివారు మూడు ప్రశ్నలను వరుసగా వేసుకోవలసి ఉంటుంది. ఇది దాని స్వభావమా? మన ఇంటి దినచర్య వల్ల ఏర్పడిన అలవాటా? లేక వ్యాధి లక్షణమా? ఈ మూడింటికీ పరిష్కారాలు వేరు. వ్యాధిని అలవాటుగా పొరబడితే పిల్లి ప్రాణానికి ముప్పు కలుగుతుంది. స్వభావాన్ని వ్యాధిగా పొరబడితే అనవసరమైన మందులు వాడవలసి వస్తుంది.

1. పిల్లి సహజ నిద్ర

ఎదిగిన పిల్లి రోజుకు సుమారు 12 నుండి 16 గంటలు నిద్రిస్తుంది. కూనలు, ముసలి పిల్లులు ఇంకా ఎక్కువసేపు నిద్రిస్తాయి. మనుషుల వలె అది ఒకే విడతగా నిద్రపోదు. పగలూ రాత్రీ చిన్న చిన్న కునుకులుగా పంచుకుంటుంది. వాటిలో అధిక భాగం తేలికపాటి నిద్రే. కళ్ళు మూసి ఉన్నా చెవులు చప్పుడు వచ్చిన వైపునకు తిరుగుతూ ఉంటాయి.

పిల్లి పూర్తిగా నిశాచరమని చాలామంది భావిస్తారు. నిజానికి అది సంధ్యాచరం. తెల్లవారే ముందు, పొద్దుగూకే వేళ అత్యంత చురుకుగా ఉంటుంది. అది వేటాడే ఎలుకలు, చిన్న పక్షులు తిరిగే సమయాలు కూడా అవే. మసక వెలుతురులో చూపు ఆనడానికి దాని కంటి వెనుక వెలుగును తిరిగి ప్రతిఫలింపజేసే ఒక పొర ఉంటుంది. చీకటిలో పిల్లి కళ్ళు మెరవడానికి కారణం ఆ పొరే. కాబట్టి తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల వేళ ఆరోగ్యవంతమైన పిల్లి లేచి కాసేపు తిరగడం లోపం కాదు.

నిద్రలో పిల్లి మీసాలు కదలడం, పాదాలు అదరడం, సన్నగా మూలగడం కూడా సహజమే. ఫ్రాన్సుకు చెందిన శాస్త్రవేత్త మిషెల్ జువే 1950ల చివర లియోన్ నగరంలో పిల్లుల నిద్రపై పరిశోధనలు చేశారు. ఒక దశలో మెదడు మేల్కొన్నంత చురుకుగా ఉంటూనే శరీర కండరాలు పూర్తిగా సడలిపోవడాన్ని ఆయన వర్ణించి, దానికి విరుద్ధ నిద్ర అని పేరు పెట్టారు. మనుషులకు స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది కూడా ఇదే దశలో. మానవ నిద్రను గురించి నేడు తెలిసిన విషయాలలో కొంత భాగం పిల్లుల వల్ల తెలిసినదే.

2. ఆరోగ్యంగా ఉన్న పిల్లి రాత్రి నిద్ర ఎందుకు చెడుతుంది?

పగటి ఒంటరితనం: ఇంటివారందరూ ఉదయమే పనులకు, బడులకు వెళ్ళిపోతే పిల్లి పది గంటలపాటు చేసేదేమీ లేక నిద్రిస్తుంది. రాత్రి ఇంటివారు పడుకునే వేళకు దాని శక్తి అంతా మిగిలి ఉంటుంది. ఏడాదిలోపు వయసున్న పిల్లులలో ఈ చురుకుదనం ఎక్కువ. వయసుతో పాటు ఇది తగ్గుతుంది.

చాలని ఆహారం: పిల్లికి పాలు, పెరుగన్నం పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటు. కానీ పిల్లి తప్పనిసరిగా మాంసాహారి. దాని శరీరానికి అవసరమైన టౌరిన్ అనే పదార్థం మాంసం, చేపల నుండి లభిస్తుంది. అన్నం, పప్పులలో ఉండదు. దీర్ఘకాలం టౌరిన్ లోపిస్తే కంటిచూపు, గుండె కండరం దెబ్బతింటాయి. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు సరిగా అరగవు, విరేచనాలు అవుతాయి. పెరుగన్నం తిని పడుకున్న పిల్లి అర్ధరాత్రి ఆకలితో లేవడం ఆశ్చర్యం కాదు. మాంసం వండని ఇళ్ళవారు పిల్లుల కోసం ప్రత్యేకంగా తయారుచేసి అమ్మే సంపూర్ణ ఆహారాన్ని వాడవచ్చు. ఉట్టి మీది పాలకోసం పిల్లి ఎదురుచూసే కథలు మనకు ఎన్ని ఉన్నా, దాని గిన్నెలో ఎల్లప్పుడూ ఉండవలసినది మంచినీరు.

ఎద: సంతాన నియంత్రణ శస్త్రచికిత్స జరగని ఆడపిల్లి నాలుగు నుండి ఆరు నెలల వయసులోనే ఎదకు రావచ్చు. అప్పుడు అది పగలూ రాత్రీ గట్టిగా అరుస్తుంది, నేలపై దొర్లుతుంది, నడుము పైకెత్తుతుంది. కడుపుతో లేనంతవరకు రెండు మూడు వారాలకొకసారి ఇది తిరిగి వస్తూ ఉంటుంది. ఈ అరుపును కొందరు నొప్పిగా, మరికొందరు అపశకునంగా పొరబడతారు. మగపిల్లి ఆ అరుపు విని బయటికి పోవడానికి రాత్రంతా తలుపు వద్ద పోరుతుంది. ఈ రెండింటికీ శాశ్వత పరిష్కారం శస్త్రచికిత్స. దానికి తగిన వయసును పశువైద్యులు నిర్ణయిస్తారు.

స్థలం మార్పు: పిల్లి మనుషులతో పాటు చోటును కూడా అంటిపెట్టుకునే జంతువు. ఇల్లు మారినప్పుడు, కొత్త బిడ్డ లేదా కొత్త జంతువు వచ్చినప్పుడు కొన్ని రోజులు రాత్రి నిద్ర చెదురుతుంది. పాత పరుపు ముక్క, పాత గిన్నె, దాని వాసన ఉన్న గుడ్డ కొత్త ఇంట్లోనూ ఉంచడం మేలు. దీపావళి టపాకాయల రాత్రులలో కిటికీలు మూసి, అది దాక్కోవడానికి బీరువా వెనుకనో, అట్టపెట్టెలోనో చోటు కల్పించాలి.

ఇసుక తొట్టి: మలమూత్ర విసర్జనకు ఉంచిన తొట్టి మురికిగా ఉన్నా, తిండి గిన్నె పక్కనే ఉన్నా పిల్లి దానిని వాడడానికి ఇష్టపడక తిరుగుతూ అరుస్తుంది. తొట్టిని ప్రతిదినం శుభ్రం చేయాలి. పిల్లులు ఎన్ని ఉంటే తొట్లు అంతకంటే ఒకటి ఎక్కువ ఉండడం ఉత్తమం.

3. రాత్రి దినచర్యను సరిదిద్దే విధానం

వేట, తిండి, ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోవడం, నిద్ర: పిల్లి ప్రకృతిలో ఈ నాలుగూ ఈ వరుసలోనే సాగుతాయి. ఇంటిలోనూ ఈ వరుసను పాటిస్తే రాత్రి నిద్ర కుదురుతుంది.

మొదటిది, ఇంటివారు పడుకోవడానికి ముందు పది, పదిహేను నిమిషాలు పిల్లిని ఆడించాలి. పుల్లకు దారం కట్టి, దాని చివర గుడ్డముక్క చుట్టి ఈడిస్తే అది వేటగా భావించి వెంటపడుతుంది. ఆట ముగిశాక దారాన్ని తీసి దాచాలి. పిల్లి దారం మింగితే పేగులు దెబ్బతింటాయి.

రెండవది, ఆట ముగిసిన వెంటనే ఆ రోజు ఆహారంలో పెద్ద భాగాన్ని పెట్టాలి. తిన్న పిల్లి ఒళ్ళు నాకుకుని పడుకుంటుంది.

మూడవది, పగలు దానికి వ్యాపకం కల్పించాలి. కిటికీ వద్ద ఎత్తైన బల్ల, కొద్దికొద్దిగా తిండి దాచిన అట్టపెట్టెలు చాలు. పై అంతస్తులలో ఉండేవారు కిటికీలకు, బాల్కనీకి గట్టి వల బిగించాలి. ఎత్తు నుండి పడిన పిల్లి ఎల్లప్పుడూ కాళ్ళ మీదే నిలబడి క్షేమంగా ఉంటుందన్న నమ్మకం ప్రమాదకరం.

నాలుగవది, తెల్లవారుజామున అరిచినప్పుడు లేచి తిండి పెట్టకూడదు. ఒకసారి పెడితే అరిస్తే తిండి వస్తుందని అది నేర్చుకుంటుంది. తిట్టడం, తలుపు తీసి పలకరించడం కూడా దాని దృష్టిలో బహుమానాలే. స్పందించడం మానిన తొలి రోజులలో అరుపు మరింత పెరుగుతుంది. ఆ తరువాత తగ్గుతుంది. నాలుగు రోజులు ఓర్చుకుని అయిదవ రోజు లేచి తిండి పెడితే, ఇంకా ఎక్కువసేపు అరవాలని నేర్పినట్లవుతుంది. ఇంటిలోని వారందరూ ఒకే మాటపై ఉండవలసి రావడం ఇందువల్లనే. ఉదయపు తిండిని కూడా నిద్ర లేచిన వెంటనే కాక, కొంతసేపు గడిచాక పెట్టాలి.

ఈ నాలుగవ సూత్రానికి ఒక హద్దు ఉంది. పిల్లి ఆరోగ్యంగా ఉన్నదని తెలిసినప్పుడే అరుపును పట్టించుకోకుండా ఉండవచ్చు. ఎన్నడూ అరవని పిల్లి కొత్తగా అరవడం మొదలుపెడితే మొదట వైద్యపరీక్ష చేయించాలి.

4. వ్యాధి లక్షణంగా నిద్రలేమి

పదేళ్ళు దాటిన పిల్లి రాత్రిపూట అరవసాగితే వయసు మీద పడింది అని సరిపెట్టుకోకూడదు. ఈ వయసులో తరచుగా కనిపించే కారణాలు ఇవి.

థైరాయిడ్ అతిచురుకుదనం: మెడలోని థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తుంది. పిల్లి మునుపటికంటే ఎక్కువ తింటుంది, అయినా చిక్కిపోతుంది. నిలకడ లేకుండా తిరుగుతుంది, రాత్రులు అరుస్తుంది. ఎక్కువ తినడం చూసి ఇంటివారు ఆరోగ్యంగా ఉందనుకోవడం వల్ల ఈ వ్యాధి ఆలస్యంగా బయటపడుతుంది. రక్తపరీక్షతో దీనిని నిర్ధారించవచ్చు. వైద్యులు సూచించిన మాత్రలను ప్రతిదినం వాడుతూ, నిర్ణీత కాలానికి రక్తపరీక్షలు చేయిస్తూ ఉంటే చాలా పిల్లులు మళ్ళీ ఒళ్ళు చేస్తాయి, రాత్రులు శాంతిస్తాయి.

అధిక రక్తపోటు, మూత్రపిండాల జబ్బు: ఈ రెండూ తరచుగా జంటగా వస్తాయి. ఎక్కువ నీరు తాగడం, ఎక్కువ మూత్రం, తిండి తగ్గడం మూత్రపిండాల జబ్బుకు గుర్తులు. రక్తపోటు పెరిగితే కంటిచూపు హఠాత్తుగా పోవచ్చు. చూపు పోయిన పిల్లి గోడలకు తగులుతూ, చీకటిలో దిక్కుతోచక అరుస్తుంది.

కీళ్ళ నొప్పి: మునుపు ఎక్కిన ఎత్తులు ఎక్కకపోవడం, దూకే ముందు తటపటాయించడం, పడుకున్న చోట కుదురుకోలేకపోవడం దీని లక్షణాలు.

వినికిడి తగ్గడం, మతిమరుపు: చెవులు వినబడని ముసలి పిల్లి తన గొంతు తనకు వినిపించక మరింత గట్టిగా అరుస్తుంది. కొన్ని పిల్లులకు మనుషులలోని మతిమరుపు వంటి స్థితి ఏర్పడి, పగలు రాత్రి తేడా తెలియక, తెలిసిన గదిలోనే దారి తప్పినట్లు నిలబడతాయి. వీటికి రాత్రి చిన్న దీపం వెలిగించి ఉంచడం, గిన్నె, తొట్టి, పరుపు స్థానాలు మార్చకపోవడం ఊరటనిస్తాయి.

ఏ వయసు పిల్లికైనా రాగల కారణాలు మరికొన్ని ఉన్నాయి. ఒంటిమీద పేలవంటి పురుగులు చేరి దురద కలిగితే పిల్లి నిద్రలో మాటిమాటికి లేచి గోక్కుంటుంది. పంటి, చిగుళ్ళ నొప్పి ఉన్న పిల్లి ఆకలిగా గిన్నె వద్దకు వచ్చి తినలేక వెనుదిరుగుతుంది.

ఒక స్థితి మాత్రం తెల్లవారేవరకు కూడా ఆగదు. మగపిల్లి మాటిమాటికి తొట్టిలో కూర్చుని ముక్కుతూ, మూత్రం చుక్కలుగా మాత్రమే వచ్చినా, అసలు రాకపోయినా, దాని మూత్రమార్గం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజులలో ప్రాణం పోగల పరిస్థితి ఇది. మలబద్ధకమని భావించి ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

5. అతినిద్ర, నిద్రలో శ్వాస, మూర్ఛ

అరిచే పిల్లి గురించి ఇంటివారు ఆందోళన పడతారు. మౌనంగా పడి ఉండే పిల్లిని గమనించరు. నొప్పిని దాచుకోవడం పిల్లి స్వభావం. మంచం కిందనో, బట్టల మూటల వెనుకనో దాగి, పిలిచినా రాక, ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోవడం మానివేసి ఎక్కువసేపు పడుకునే పిల్లి సుఖంగా నిద్రిస్తున్నట్లు కాదు. ఒక పూర్తి రోజు ఏమీ తినకపోతే వైద్యులను సంప్రదించాలి. లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తిండి మానితే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం కలుగుతుంది.

గాఢంగా నిద్రిస్తున్న పిల్లి శ్వాసను ఇంటిలోనే లెక్కించవచ్చు. పక్కటెముకలు ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. గడియారం చూస్తూ 30 సెకన్లు లెక్కించి, ఆ సంఖ్యను రెండింతలు చేయాలి. నిమిషానికి 30 దాటకపోవడం సాధారణ స్థితి. పలుమార్లు లెక్కించినా 30కి మించి వస్తూ ఉంటే గుండె లేదా ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నదేమో పరీక్షించవలసి ఉంటుంది. నోరు తెరిచి రొప్పుతూ ఉంటే అది అత్యవసర స్థితి.

కలకు, మూర్ఛకు తేడా తెలుసుకోవాలి. కలలో శరీరం మెత్తగా ఉంటుంది. పాదాలు, మీసాలు కొద్దిగా అదురుతాయి. పేరు పెట్టి పిలిస్తే లేచి మామూలుగా చూస్తుంది. మూర్ఛలో శరీరం బిగుసుకుంటుంది, కాళ్ళు బలంగా కొట్టుకుంటాయి, చొంగ కారుతుంది, మూత్రం పడిపోవచ్చు. తేరుకున్నాక కూడా కొంతసేపు అయోమయంగా ఉంటుంది. మూర్ఛ వచ్చినప్పుడు నోటిలో చేయి పెట్టకూడదు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులను తొలగించి, ఎంతసేపు ఉన్నదో గమనించి, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

6. చేయకూడని పనులు

మనుషుల నిద్రమాత్రలను, నొప్పి మాత్రలను పిల్లికి ఇవ్వకూడదు. జ్వరానికి ప్రతి ఇంటిలోనూ ఉండే పారాసిటమాల్ పిల్లికి విషం. మనిషి కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపే విధానం పిల్లి కాలేయంలో చాలా బలహీనం. 500 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. చిగుళ్ళు గోధుమ రంగుకు మారడం, ముఖం వాయడం, ఆయాసం దీని గుర్తులు. పొరపాటున మింగినట్లు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే బయలుదేరాలి.

కుక్కల పురుగుల మందును పిల్లికి పూయకూడదు. వాటిలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి వణుకు, మూర్ఛ తెప్పిస్తుంది.

అరిచిందని కొట్టకూడదు. దెబ్బ వల్ల అది నేర్చుకునేది భయమే. భయం నిద్రను మరింత చెడగొడుతుంది.

నిద్ర మందులు అవసరమని వైద్యులు భావిస్తే వారే నిర్ణయిస్తారు. అది కారణం తెలిసిన తరువాత తీసుకునే చివరి మెట్టు.

7. ఆసుపత్రికి వెళ్ళే ముందు

ఏడు రోజుల పట్టిక ఒకటి రాసుకుంటే వైద్యులకు సగం పని తగ్గుతుంది. ఎన్ని గంటలకు అరిచింది, ఎంతసేపు అరిచింది, ఏమి తిన్నది, ఎంత నీరు తాగింది, మూత్రం ఎన్నిసార్లు పోసింది, నిద్రలో నిమిషానికి ఎన్ని శ్వాసలు అనే ఆరు విషయాలు చాలు. అరుపును ఫోనులో చిత్రీకరించి చూపించడం ఇంకా మంచిది. అత్యవసర లక్షణాలు ఉంటే మాత్రం పట్టిక కోసం ఆగకూడదు. పిల్లిని గాలి ఆడే బుట్టలోనో, పెట్టెలోనో ఉంచి తీసుకువెళ్ళాలి.

నగరంలో ప్రభుత్వ, ప్రైవేటు పశు ఆసుపత్రులు ఉన్నాయి. హెబ్బాళలోని పశువైద్య కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి నడుస్తుంది. కన్నడం రాని కుటుంబాలకు ఈ కింది మాటలు అక్కరకు వస్తాయి. బెక్కు అంటే పిల్లి. నిద్దె అంటే నిద్ర.

మా పిల్లి రాత్రంతా అరుస్తుంది: నమ్మ బెక్కు రాత్రియెల్లా కూగుత్తె.
తిండి మానేసింది: ఊట బిట్టిదె.
మూత్రం రావడం లేదు: మూత్ర బర్తా ఇల్ల.
ఊపిరి తీయడానికి కష్టపడుతోంది: ఉసిరాడక్కె కష్ట పడ్తిదె.

పిల్లికి రేబిస్ టీకా వేయించడం కూడా మరువరాదు. రేబిస్ కుక్కల వల్లనే కాక పిల్లుల వల్ల కూడా సోకుతుంది. పిల్లి కరిచినా, రక్కినా ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

8. చట్టం, కర్తవ్యం

జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. ప్రాణుల పట్ల కరుణ చూపడం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పౌరులకు విధించిన ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటి. ఇంటి తిండికి, ఇంటి గోడలకు అలవాటుపడిన పిల్లి తెలియని వీధిలో ఆహారం వెదుక్కోలేదు. వీధికుక్కల నుండి, వాహనాల నుండి తప్పించుకోవడమూ దానికి కష్టమే. పైగా గోనెసంచిలో కట్టి తీసుకుపోయిన ఆ పిల్లి థైరాయిడ్ జబ్బుతోనో, చూపు పోయిన భయంతోనో అరిచి ఉండవచ్చు. ఒక రక్తపరీక్ష చేయించి ఉంటే ఆ ఇంటివారు, పక్క వాటావారు, ఆ పిల్లి కూడా నిద్రపోయి ఉండేవారు.

పునశ్చరణ

ప్రశ్న 1. ఎనిమిది నెలల పిల్లి ప్రతిరోజూ తెల్లవారుజామున నాలుగింటికి అరిచి, తిండి పెట్టగానే ఊరుకుంటుంది. తినడం, ఆడడం బాగున్నాయి. ఏమి చేయాలి?
జవాబు: ఇది అలవాటు. పడుకునే ముందు ఆట, ఆట తరువాత తిండి పెట్టాలి. నాలుగింటికి ఎవరూ లేవకూడదు.

ప్రశ్న 2. పన్నెండేళ్ళ పిల్లి ఎక్కువగా తింటూనే చిక్కిపోతోంది. రాత్రులు కొత్తగా అరుస్తోంది. ఏమి చేయాలి?
జవాబు: అరుపును పట్టించుకోకుండా ఉండకూడదు. థైరాయిడ్, రక్తపోటు, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి.

ప్రశ్న 3. మగపిల్లి అర్ధరాత్రి నుండి తొట్టిలో కూర్చుని ముక్కుతోంది. తొట్టి పొడిగా ఉంది. ఉదయం వరకు ఆగవచ్చునా?
జవాబు: ఆగరాదు. అందుబాటులో ఉన్న ఆసుపత్రికి అప్పుడే తీసుకువెళ్ళాలి.

ప్రశ్న 4. పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉంది, నిద్ర లేదు. పారాసిటమాల్ సగం మాత్ర ఇవ్వవచ్చునా?
జవాబు: రవ్వంత కూడా ఇవ్వరాదు.